పిడికెడు బియ్యం: డోర్నకల్ బిషప్ అజరయ్య

మానుకోటలో రైలెక్కి ఖమ్మం దిక్కు పోతుంటే మధ్యలో డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం, మణుగూరు లైను విడిపోయేది అక్కడే. బొగ్గు తెచ్చిన లైను అది. భూపాలపల్లి గనుల్లో దిగే మన పిల్లలకు ఆ సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. స్టేషన్ దిగి ఊళ్లోకి నడిస్తే గుమ్మటాలు, మినార్లు ఉన్న పెద్ద కట్టడం కనపడుతుంది. దూరం నుంచి చూసినవాళ్లు మసీదు అనుకుంటారు. లోపలి రాతి స్తంభాలు చూస్తే దేవాలయం అనుకుంటారు. పైన శిలువ ఉంటుంది. అది ఎపిఫనీ కథెడ్రల్. దాన్ని కట్టించిన మనిషి జీవితమే ఈ వ్యాసం.

ప్రతిసారీ మన సంచికలో సమ్మక్క సారలమ్మల గురించి రాసుకుంటాం, సేవాలాల్ మహరాజ్ గురించి, కొమరం భీం గురించి, జనగామ గడ్డ మీద ప్రాణమిచ్చిన జాటోతు ఠాను నాయక్ గురించి రాసుకుంటాం. ఈసారి బిషప్ అజరయ్య పేరు రాగానే మాలో మాకే వాదం వచ్చింది. ఆయన గిరిజనుడు కాదు, తెలుగువాడు కూడా కాదు, పైగా జనం మతం మార్చినవాడు, ఆయనకు మన సంచికలో చోటెందుకని కొందరన్నారు. మాలో తీజ్ పండుగకు గోధుమ మొలకలు మోసేవాళ్లున్నారు, మేడారం గద్దెకు బంగారం మోసేవాళ్లున్నారు, ఆదివారం గుడికి పోయేవాళ్లున్నారు. అందరం కూర్చుని మాట్లాడుకుని చివరికి ఒక మాటకు వచ్చాం. మన మూడు జిల్లాల నేల మీద, వెట్టి కాలంలో, అందరికన్నా కింద ఉన్న మనుషులు తలెత్తి పాట పాడిన సంగతి ఒకటి జరిగింది. కష్టం తీరకముందే వాళ్లకు ఆ సంతోషం ఎక్కడిదో తెలుసుకోవడం మనకూ అవసరమే. మెచ్చేది మెచ్చి, మెచ్చనిది చెప్పి రాద్దామనుకున్నాం.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో తిరునెల్వేలి ప్రాంతపు వెళ్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయకం ఆ ఊరి గుడిలో పాదిరి. తల్లి ఎల్లెన్. చాలా ఏళ్లు పిల్లలు లేక, ప్రార్థనలు చేసి కన్న కొడుకు గనుక బైబిల్లో హన్నా కొడుక్కి ఉన్న పేరే పెట్టుకున్నారు. వాళ్లది నాడార్ కులం. మన దగ్గర గౌడుల్లాగా తాడిచెట్టు ఎక్కి, కల్లు గీసి, బెల్లం కాచి బతికిన కులం. ఆ పక్కనే తిరువాన్కూరు రాజ్యంలో ఈ కులం ఆడవాళ్లు పైబట్ట వేసుకునే హక్కు కోసం 19వ శతాబ్దంలో ఏళ్ల తరబడి కొట్లాడవలసి వచ్చింది. కనుక అవమానం అంటే ఏమిటో అజరయ్య పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, ఇంటి జ్ఞాపకంలోనే ఉంది.

చదువుకునే వయసులోనే తండ్రి పోయాడు. తల్లి పట్టుదల మీద మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ దాకా వచ్చి గణితం చదివాడు. సరిగ్గా చివరి పరీక్షల వేళకు జబ్బు పడ్డాడు. పరీక్ష రాయలేదు, డిగ్రీ రాలేదు. తర్వాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది గానీ, పరీక్ష రాసి తెచ్చుకున్న పట్టా మాత్రం ఆయనకు ఎన్నడూ లేదు. ఇంటర్ తప్పిందని పురుగుమందు డబ్బా వెతుక్కునే పిల్లలున్న కాలంలో ఈ ముక్క గట్టిగా చెప్పాలనిపించింది.

1895లో వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరి దక్షిణాది అంతా తిరిగాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ కాలంలో కాలేజీ మెట్లెక్కిన అతి కొద్దిమంది ఆడపిల్లల్లో ఆమె ఒకరు. 1902లో సిలోన్‌లోని యాఫ్నాకు పోయినప్పుడు ఆయన మనసు మారిన సంఘటన జరిగింది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో సొంత మిషన్ నడుపుకుంటున్నారు. తిరునెల్వేలిలో అంతకన్నా పెద్ద సంఘం ఉంది, కానీ ప్రతిదానికీ తెల్లవాళ్ల చేతివైపు చూస్తుంది. అది ఆయనకు సిగ్గు అనిపించింది. తిరిగి వచ్చాక 1903 ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. మనుషులు మనవాళ్లే, పైసలు మనవే, నడిపేదీ మనమే అన్నది దాని పద్ధతి. రెండేళ్లకు, 1905 క్రిస్మస్ రోజున, సేరంపూర్‌లో దేశం మొత్తానికి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం ఊపందుకున్నది కూడా ఆ ఏడే.

సొసైటీ తన మొదటి మిషనరీని పంపడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1904లో పని మొదలైంది. ఊళ్లకు మనుషుల్ని పంపుతూ తాను పట్నంలో ఉండడం అజరయ్యకు నచ్చలేదు. 1909లో గురువు అభిషేకం తీసుకుని, భార్యాపిల్లలతో ఇక్కడికి వచ్చేశాడు. మొదట్లో చెట్టు కింద గుడారంలో కాపురం. చుట్టూ అడవి. వయసు 35. ఆ వయసులో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. తండాలో గోర్ బోలి మాట్లాడి, బడికి పోయి తెలుగులో తప్పులు పలికి నవ్వులపాలైన మాకు ఆ కష్టం అర్థమవుతుంది.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. ఎక్కడెక్కడి పెద్దలో వచ్చారు, ఆసియావాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అజరయ్యను మాట్లాడమన్నారు. తెల్ల మిషనరీలకూ ఈ దేశపు సేవకులకూ మధ్య ఉన్న దూరం గురించి మొహమాటం లేకుండా చెప్పాడు. మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, అదంతా మేం మరచిపోం, కానీ మాకు కావలసింది స్నేహం, సమానంగా పక్కన కూర్చోబెట్టుకునే స్నేహం అన్నది ఆ ప్రసంగం సారాంశం. సభలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు మొహాలు ముడుచుకున్నారు. ఇప్పుడు ప్రపంచ క్రైస్తవ చరిత్ర రాసేవాళ్లెవరూ ఆ ప్రసంగాన్ని వదిలిపెట్టరు.

ఆ తర్వాత రెండేళ్లకు, 1912 డిసెంబర్ 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. తెల్లవాడు నల్లవాడి చేతి కింద పనిచేయడమేమిటని చాలామంది మిషనరీలు ముందునుంచే అడ్డుపడ్డారు. మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుపట్టి నిలబడ్డాడు గనుక ఆ పని జరిగింది. మొదట చిన్న డయోసిస్ ఇచ్చారు. 1920 ప్రాంతాన అది పెరిగి కృష్ణా జిల్లాలోని పాత మిషన్లు, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం కూడా అందులో కలిశాయి.

దుమ్ముగూడెం పేరు వచ్చింది గనుక ఒక మాట. కాటన్ దొర కాలంలో గోదావరి మీద పడవ దారి పనులు చూడడానికి వచ్చిన హెయిగ్ అనే ఇంజినీరు చొరవతో 1860 ప్రాంతంలోనే అక్కడ కోయల మధ్య మిషన్ మొదలైంది. మన కోయ భాషలో లూకా సువార్త 19వ శతాబ్దంలోనే తయారైంది. అజరయ్య చేతికి ఆ మిషన్ వచ్చేసరికి దానికి అరవై ఏళ్లు. కానీ ఆయన డయోసిస్‌లోకి వేలకు వేలుగా వచ్చింది మాల, మాదిగ కుటుంబాలు. కోయలు, లంబాడాలు వచ్చింది తక్కువే. అన్నీ తెలుగులోనే నడిచాయి, గిరిజన భాషలకు దక్కింది కొంచెమే. ఆయన మీద మా ఫిర్యాదుల్లో ఇది మొదటిది.

ఇక ఆ వచ్చిన జనం ఎట్లాంటి బతుకులోంచి వచ్చారో మన ప్రాంతం వాళ్లకు విడమరిచి చెప్పనక్కర లేదు. దొర గడీకి వెట్టి, పటేల్‌కు వెట్టి, ఊళ్లోకి వచ్చిన ప్రతి అధికారికీ వెట్టి. తాత చేసిన అప్పుకు మనుమడు పాలేరు. ఊరి బావి దగ్గరకు పోరాదు. బాప్తిస్మం తీసుకుంటే ఈ కష్టాలు పోతాయని ఎవరైనా అనుకుని ఉంటే ఆ భ్రమ వారం రోజుల్లో తీరింది. ఆదివారం పనికి రానన్నందుకు, గ్రామదేవత కొలుపుకు డప్పు కొట్టనన్నందుకు తన్నులు పడ్డాయి, పని పోయింది. కష్టం కొంత పెరిగిందనే చెప్పాలి.

అయినా వాళ్లు పాడారు. మాకు ముఖ్యమనిపించింది ఇదే. బిషప్ ఎడ్లబండి మీద పల్లెకు వస్తున్నాడంటే చీకటి పడ్డాక డప్పులు, దివిటీలు, పూలదండలతో ఊరి పొలిమేర దాకా ఎదురుపోయేవాళ్లు. ఆ డప్పు అప్పటిదాకా ఎవరి ఇంట చావు జరిగినా వెట్టికి కొట్టిన డప్పు. ఆ రాత్రి తమ ఇంటికి వచ్చిన చుట్టం కోసం కొట్టారు. చదువు రానివాళ్లకు తెలుగు కీర్తనలే బైబిల్. పగలంతా ఎండలో నాట్లు వేసినవాళ్లు రాత్రి దీపం బుడ్డి ముందు కూర్చుని చరణం చరణం నేర్చుకున్నారు. ఫిలిప్పీ పట్నం చెరసాలలో, కాళ్లకు బొండ వేసి ఉండగా, నడిరాత్రి పౌలు, సీల పాటలు పాడిన కథ బైబిల్లో ఉంది. ఆ కథను మన పల్లెల్లో వ్యాఖ్యానం చేసి చెప్పవలసిన పని లేకపోయింది. బొండ కొయ్య ఎట్లా ఉంటుందో వాళ్లు గడీల్లో చూసినవాళ్లే.

ఈ సంతోషం ఎక్కడిది? పరలోకంలో సుఖం ఉంటుందని చెప్పి ఇక్కడ నోరు మూయించాడని కొందరు తేలికగా అంటారు. అజరయ్య చేసిన పనులు చూస్తే ఆ మాట నిలబడదు. ఆయన పాస్టర్లకు నాలుగు దయ్యాల పేర్లు చెప్పేవాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. వీటిని వెళ్లగొట్టకుండా ప్రసంగాలు చేసి లాభం లేదనేవాడు. డోర్నకల్‌లో పాస్టరు చదువుకు వచ్చినవాళ్లు పొలంలో దిగి కూరగాయలు పండించాలి. వాళ్లతోపాటు వాళ్ల భార్యలకూ చదువు ఉండేది, ఆ పనంతా అన్బు అమ్మ చేతుల మీద నడిచింది. పెళ్లిళ్లకు అప్పు చేయవద్దని, సారా మానమని ఊరూరా తిరిగి పోరు పెట్టాడు. ఇప్పసారా, గుడుంబా మన తండాలను, గూడేలను ఎట్లా తిన్నాయో తెలిసినవాళ్లం గనుక ఈ నాలుగో దయ్యం దగ్గర మేము ఆయనకు దండం పెడతాం.

కానీ అసలు గుట్టు మరొకటుంది. ఆయన దరిద్రుల దగ్గర కూడా కానుక అడిగాడు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేయాలి. వారం చివర ఆ బియ్యం గుడికి పోతుంది. పంట పండుగ నాడు కోళ్లు, గుమ్మడికాయలు, జొన్నలు, గుడ్లు వస్తాయి. వాటితో పల్లె పంతులు బతుకుతాడు, పక్క ఊళ్లో బడి నడుస్తుంది. తిండికి లేనివాళ్ల దగ్గర అడగడమేమిటని అప్పట్లో కొందరికి కోపం వచ్చింది. మొదట వినగానే మాకూ వచ్చింది. కానీ ఆలోచిస్తే అర్థమైంది. పుట్టినప్పటినుంచి ఎంగిలి మెతుకులు పట్టడానికే చాచిన చెయ్యి అది. దొర విసిరితే ఏరుకున్న చెయ్యి. ఆ చేతికి ఇంకొకరికి పెట్టే అవకాశం రావడమంటే ఏమిటో ఏనాడూ లేమి చూడనివాళ్లకు తెలియదు. క్రైస్తవుడి కానుక మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. యాఫ్నాలో ఆయనకు కలిగిన సిగ్గే ఇక్కడ పిడికెడు బియ్యంగా మారిందని మా అభిప్రాయం.

బాప్తిస్మం ఇచ్చేటప్పుడూ అంతే. తల మీద చెయ్యి పెట్టుకుని, తాను బాప్తిస్మం పొందిన మనిషినని, ఈ సువార్త ఇతరులకు చెప్పకపోతే తనకు శ్రమ అని ప్రతివాడితో పలికించేవాడు. అంటే నిన్నటిదాకా ఊళ్లో ఎవరూ మాట విననివాడికి ఈ రోజు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. వాళ్ల బతుకుల్లో వచ్చిన మార్పు చూసి 1930ల నాటికి పైకులాల రైతులు కూడా కొన్ని ఊళ్లలో వేల సంఖ్యలో ఆ గుళ్లలోకి వచ్చారు. ఆయన చివరి రోజుల నాటికి డోర్నకల్ డయోసిస్ సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఇంత చెప్పాక మరో ఫిర్యాదు కూడా చెప్పాలి. వెట్టిని ఒక వ్యవస్థగా పడగొట్టే పని ఆయన చేయలేదు. మనుషుల్ని లోపలినుంచి నిలబెట్టాడు, గడీ గోడలు అట్లాగే ఉన్నాయి. ఆయన పోయిన ఏడాదిన్నరకు, 1946 జులై 4న, జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు గాని విసునూరు గడీ కదలలేదు. ఆ పోరాటంలో మన తండాలు ఇచ్చిన ప్రాణాలు తక్కువేమీ కాదు. పాట ఒక్కటే చాలనుకునేవాళ్లు జనగామ దాకా పోయి చూడాలి. ఠాను నాయక్ వారసులుగా మాకు ఈ మాట అనే హక్కు ఉందనుకుంటున్నాం. అయితే అణగారిన మనిషి ముందుగా తాను మనిషినని నమ్మకపోతే సంఘంలో కర్ర పట్టుకుని నిలబడడన్నది కూడా నిజం. ఈ రెండింటిలో ఏది ముందని మాలో వాదం ఇంకా తెగలేదు, ఇక్కడ తెంచబోవడం లేదు.

ఆయనకు పడ్డ దెబ్బలు తక్కువ కాదు. తెల్లవాళ్లకు ఆయన నల్లవాడు, జాతీయవాదులకు తెల్లవాళ్ల మతం వాడు. 1930ల్లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే ఆయన వద్దన్నాడు. సంఘం రాజకీయ గుంపుగా, లెక్కల మూటగా మారిపోతుందని భయపడ్డాడు. అంత చేసినా, 1935లో అంబేడ్కర్ హిందూ మతం విడిచిపెడతానని ప్రకటించాక, సామూహిక మత మార్పిడుల మీద గాంధీ విమర్శలు డోర్నకల్ పని మీదే గురిపెట్టాయి. ఆకలి కోసం, ఆశ కోసం మారుతున్నారన్నది విమర్శ. అడుగు మనిషికి తన మేలు తాను ఎంచుకునే తెలివి ఉండదా అన్నది అజరయ్య పక్షం. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు, ఒప్పందం కుదరలేదు. స్వరాజ్యం కావాలని కోరుకున్న మనిషికి ఆ మాట పడడం ఎంత బాధో ఊహించవచ్చు. మన విషయంలో కూడా ఎవరు ఏ దేవుణ్ణి మొక్కాలో బయటివాళ్లు వచ్చి తీర్పు చెప్పడం చూస్తూనే ఉన్నాం గనుక, ఈ ఒక్క చోట మేమంతా, గుడికి పోయేవాళ్లం, పోనివాళ్లం, అజరయ్య వైపే నిలబడ్డాం.

కథెడ్రల్ పని పాతికేళ్ల దాకా సాగింది. పైసలు ఉన్నప్పుడు గోడ లేచేది, లేనప్పుడు ఆగేది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. విదేశీ గుడి నమూనా వద్దని, ముసల్మాన్ల గుమ్మటం, హిందువుల స్తంభం కలిపి కట్టించాడు. లోపల రాతి మీద తామర పువ్వుంది, ఉమ్మెత్త పువ్వుంది, అరటి మొగ్గ ఉంది. తామర ఈ దేశానికి గుర్తు. ఉమ్మెత్త విషం, చావుకు గుర్తు. అరటి సంగతి మన పెరట్లో అందరికీ తెలిసిందే, గెల వేసిన చెట్టు చచ్చిపోతుంది, దాని మొదట్లోంచే పిలక లేస్తుంది. చదువు రానివాళ్లు కూడా తలెత్తి చూసి చదువుకునేటట్టు రాయించిన పాఠం అది.

ఆయనకు మిగిలిన పెద్ద కోరిక సంఘాల ఐక్యత. 1919లో తరంగంబాడిలో దక్షిణాది సంఘాల నాయకులు కూర్చున్న నాటినుంచి దాని కోసం తిరిగాడు. బయటి దేశాల చీలికలను మోసుకొచ్చి మన పల్లెల్లో పంచడమేమిటని ఆయన బాధ. ఒక్క ఊళ్లో ఒకే కులం వాళ్లు రెండు మిషన్ల పేరుతో రెండు గుళ్లకు పోవడం ఆయన చూశాడు. ఇరవై ఐదేళ్లు చర్చలే సరిపోయాయి.

1944 చివర్లో కూడా పల్లెల్లో తిరుగుతూనే ఉన్నాడు. వయసు 70. జ్వరం వచ్చింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశాడు. ఆ ఊరి మట్టిలోనే ఉన్నాడు. పుట్టిన వెళ్లాళన్‌విళైకి తీసుకుపోలేదు. రెండేళ్ల తొమ్మిది నెలల తర్వాత, 1947 సెప్టెంబర్ 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. డోర్నకల్ అందులో ఒక డయోసిస్ అయింది. ఆ సభలో ఆయన లేడు.